చేతిలో తాళాలు

సామాన్ల గది ఊడవడం పెళ్లయిన మర్నాటి నుంచీ నా పనే. డుంబ్రిగుడ సంత వీధిలో మా కిరాణా కొట్టు, కొట్టు వెనకాల ఇల్లు, పెరటి వసారాకి ఆనుకుని ఈ గది. ఒక గోడకి ఉప్పు బస్తాలు, ఇంకో గోడకి కాఫీ గింజల బస్తాలు, మధ్యలో ఒక మనిషి పడుకునేంత నేల. కిటికీ లేదు. ఒకటే తలుపు, దానికి గడియ బయటివైపే. ఆ రోజు గాలికి దుమ్మంతా మళ్లీ లోపలికే కొడుతోందని ఊడుస్తూ ఊడుస్తూ తలుపు దగ్గరికి లాగాను. లోపలి వైపు, నేలకి జానెడు ఎత్తులో, నీలం రంగు ఊడిపోయి చెక్క కనబడుతోంది. రెండు చోట్ల, పక్కపక్కన. ఆస్పత్రుల చుట్టూ తిరిగిన ఇన్ని నెలల్లో ఆ తలుపు మూసి చూసే అవసరం నాకు రాలేదు.

"అత్తయ్యా, ఈ తలుపుకేమైంది?" అని కేకేశాను.

"ఎలకలు," అంది మా అత్తగారు పైడితల్లి వంటింట్లోంచి. "కొండ ఎలకలవి, ఇనపదైనా కొరికీసి పోతాయి. బేగి ఊడిసి రా, పప్పు మాడిపోతంది."

ఎలక కొరికితే పళ్ల గాట్లుంటాయి. ఇక్కడ గాట్లు లేవు. చెక్క లోపలికి నొక్కుకుపోయి నున్నగా ఉంది. వేలు పెట్టి రాస్తుంటే నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎందుకో అప్పటికి తెలీలేదు. పప్పు మాత్రం మాడనివ్వలేదు, వెళ్లి దించాను.

నాకు ఫిట్స్ ఉన్నాయి. ఈ మాట పైకి అనడం నాకు ఈ మధ్యే చేతనైంది. మా ఇంట్లో దాన్ని "అది" అంటారు. "మొన్న దీనికి అదొచ్చింది" అంటారు, అదేదో పొరుగూరు చుట్టమైనట్టు. పెళ్లయిన రెండో ఏడు మొదటిసారి వచ్చినప్పుడు అత్తగారు తన నడుముకి వేలాడే తాళాల గుత్తి తీసి నా పిడికిట్లో పెట్టిందట. చేతిలో ఇనుము ఉంటే తగ్గుతుందని నమ్మకం. మా అమ్మా నమ్మేది, వీధిలో అందరూ నమ్ముతారు, దాని మీద నాకు కోపం లేదు. కోపం ఇంకోదాని మీద. ఈ ఇంట్లో బీరువా తాళం, బియ్యం డబ్బా తాళం, గల్లాపెట్టె తాళం అన్నీ ఆ గుత్తిలోనే ఉంటాయి. పిడికెడు పంచదార కావాలన్నా ఆవిణ్ణి అడగాలి, ఆవిడ లేచి వచ్చి తీసి మళ్లీ వేసుకోవాలి. చింతపండు గింజలు తీసేది నేను, మిరపకాయలు తొడిమలు ఒలిచేది నేను, సంత రోజు బరువులు మోసేవాళ్లకి వండి వార్చేది నేను. పెళ్లయి ఇన్నేళ్లలో అత్తగారు నా చేతికి తాళాలు ఇచ్చింది నాకు ఒళ్లు తెలియనప్పుడు మాత్రమే. తెలివొచ్చేసరికి అవి తిరిగి ఆవిడ నడుముకే ఉండేవి.

అది రాబోయే ముందు నాకు తడిసిన గోనెసంచి వాసన వస్తుంది. తర్వాత గది మూలన ఒక ఆడమనిషి కనబడుతుంది. నా చీరే కట్టుకుని ఉంటుంది, నాకు వీపు పెట్టి నించుంటుంది. ఆ తర్వాత చప్పుడు. ఎవరో తలుపు కొడతారు. ముందు తొందరగా, తర్వాత తొందర లేకుండా, ఎప్పటికైనా తీస్తారులే అన్నట్టు కొడుతూనే ఉంటారు. తలుపు తియ్యవే అని మూలనున్న ఆవిడతో చెప్పాలనుకుంటాను, నాలుక తిరగదు. ఆవిడా తిరగదు. ఒకసారి ఈ సంగతి అత్తగారికి చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "అది తలుపు తడితే తియ్యకు. ఈ కొండల్లో తిరిగేవి సానా ఉంటాయి. పేరెట్టి పిలిసినా పలక్కు," అంది. అప్పట్నుంచీ పగలు ఎవరైనా తలుపు తట్టినా నాకు గుండె ఆగినంత పనయ్యేది. పాలవాడు తడితే కూడా ఎవరది అని మూడుసార్లు అడిగేదాన్ని. మా ఆయన నవ్వేవాడు.

ఈయన పేరు ప్రేమ్‌కుమార్. చెడ్డవాడని నేననను. కొట్టడు, తాగడు, బేరగాళ్లతో తియ్యగా మాట్లాడతాడు. పేరుకి తగ్గట్టు ఉంటాడని అందరూ అంటారు. నాకు అది వచ్చిందంటే మాత్రం ఆయనకొచ్చే మొదటి ఆలోచన, ఎవరైనా చూశారా అని. "ఫిట్స్ మనిషి చేత్తో పొట్లం కట్టిన సరుకు ఎవడు కొంటాడు ఉమా? నువ్వే చెప్పు," అనేవాడు. అందుకని అది వచ్చినప్పుడల్లా నన్ను సామాన్ల గదిలో పడుకోబెట్టి గడియ పెట్టేవాళ్లు. కాసేపటికి దానంతటదే తగ్గేది. లేచి, నాలుక కొరుక్కున్న నోటితో, వంట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టేదాన్ని. పిల్లలు కలక్కపోతే అత్తగారు "ఆ మందుబిళ్లలే మింగేసినాయి నా మనవల్ని" అనేది.

రెండువేల ఆరులో, వానలు వెనకబడుతున్న రోజుల్లో, ఒక సంత రోజు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. గోనెసంచి వాసన వచ్చింది. ఆ తర్వాత నాకు తెలిసింది విశాఖపట్నం ఆస్పత్రి సీలింగు. మధ్యలో ఎన్నో రోజులు పోయాయి. ఫిట్స్ ఆగకపోతే నన్ను మందులతో నిద్రపుచ్చి ఉంచారట. ఆ రోజు ఏం జరిగిందో నా ఒంటికి జరిగింది కాబట్టి నాకే తెలియాలి, కానీ నాకు తప్ప అందరికీ తెలుసు. అడిగితే ఈయన ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "మొదలవగానే జీపెక్కించాం. అరకులో ఇంజక్షన్ ఇచ్చారు, తగ్గలేదు. ఆ ఇంజక్షన్లో బలం లేదు." నా రెండు మడమలకీ కట్లు ఉండేవి. జీపులో రాసుకుపోయాయన్నాడు. కుడి అరచేతిలో తాళంచెవి పళ్ల ఆకారంలో పుండు పడింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక నేను మునుపటి మనిషిని కాను. పోపులో ఆవాలు ముందో మినపప్పు ముందో ఆలోచించుకోవాల్సి వచ్చేది. ఎస్.కోటలో మా పుట్టింటి వీధి పేరు ఎంత వెతికినా దొరికేది కాదు. బిళ్లలు పెంచినా ఫిట్స్ పూర్తిగా తగ్గలేదు. విశాఖ డాక్టరుగారు, బెంగుళూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో నాలాంటి వాళ్ల మీద పరిశోధన చేస్తున్నారనీ, ఫిట్స్ ఆగకుండా చాలాసేపు సాగిన వాళ్ల మెదడు ఫోటో తీస్తున్నారనీ, ఉచితమనీ చెప్పి కాగితం రాసిచ్చారు. ఉచితం అనేసరికి ఈయన ఒప్పుకున్నాడు. కిరండోల్ రైల్లో కొండ దిగి, విశాఖలో ఇంకో రైలెక్కి వెళ్లాం. సొరంగం వచ్చినప్పుడల్లా రైల్లో చీకటయ్యేది. ఆ చీకట్లో ఎదుటి సీట్లో నా చీర అంచు కనబడినట్టుండేది. వెలుతురొచ్చేసరికి అక్కడ ఎవరో పెద్దాయన కూర్చుని పల్లీలు తినేవాడు.

ఆస్పత్రిలో నన్ను చూసిన డాక్టరమ్మది హిందూపురం వైపు ఊరు. నాకంటే చిన్నది, తెలుగు బాగా మాట్లాడింది. చేతి నరంలోకి ఏదో మందు ఎక్కించారు. అది మెదడులోకి వెళ్లి ఎక్కడెక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుంటుందిట, కూర్చున్న చోటల్లా మిషన్‌కి వెలుగులా కనిపిస్తుందిట. గుండ్రంగా ఉన్న మిషన్ మధ్యలోకి నా తల తోశారు. కదలొద్దన్నారు. కళ్లు మూసుకున్నాను. కాసేపటికి మొదలైంది. డబ డబ డబ, ఎవరో తలుపు కొడుతున్నారు. ఇంత దూరం వచ్చినా వదల్లేదని చెమటలు పట్టాయి. కానీ గోనె వాసన లేదు, నాకు తెలివి పోలేదు. అది ఒట్టి జ్ఞాపకంలా అలా వినబడుతూనే ఉంది. బయటికి లాగాక, "ఈ మిషన్ చాలా చప్పుడు చేస్తోందండీ," అన్నాను.

డాక్టరమ్మ నా ముఖంలోకి వింతగా చూసింది. "దీనికి చప్పుడు ఉండదమ్మా. నిన్న మీకు ఇంకో ఫోటో తీసిన ఎమ్మారై మిషన్‌కైతే ఉంటుంది. ఇది నిశ్శబ్దంగా ఉంటుంది," అంది.

మర్నాడు ఫోటో చూపించారు. ముందు ఈయనకి చూపించారు. మొగుడూ డాక్టరమ్మా కంప్యూటర్ వైపు వంగి నా తలలోకి చూస్తుంటే నేను వెనకాల కుర్చీలో కూర్చున్నాను. "నన్నూ చూడనివ్వండి," అన్నాను. డాక్టరమ్మ నొచ్చుకుని చప్పున జరిగింది. ఎర్రగా, పసుప్పచ్చగా, మొక్కజొన్న కండె అడ్డంగా కోసినట్టుంది. ఎడమ పక్కన లోతుగా ఒక చోట మాత్రం నల్లగా ఉంది. "బొమ్మ చాలా బాగా వచ్చింది," అందావిడ. నాకు నవ్వొచ్చింది. మా పెళ్లి ఆల్బంలో కూడా నేను ఎవరో ఒకరి భుజం వెనకాలే ఉంటాను.

"మెదడు కణాల మీద మందు వచ్చి కూర్చునే చోట్లుంటాయమ్మా. రిసెప్టర్లంటాం. పీటలనుకోండి," అని ఆవిడ చెప్పింది. "ఫిట్స్ మొదలైనప్పుడు పీటలు వేసే ఉంటాయి. త్వరగా ఇంజక్షన్ ఇస్తే మందు వచ్చి కూర్చుని ఫిట్స్ ఆపుతుంది. ఆపకుండా సాగనిస్తే కణం ఆ పీటల్ని ఒక్కొక్కటీ లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు ఎంత మంచి మందైనా వచ్చి నించోవాల్సిందే, కూర్చోడానికి చోటుండదు. ఇంకా సాగితే కొన్ని కణాలే పోతాయి. ఈ నల్లటి చోట అలా పోయాయి." తర్వాత ఈయన వైపు తిరిగింది. "మొదలైన ఎంతసేపటికి ఇంజక్షన్ పడింది?"

"వెంటనే మేడం. మొదలవగానే జీపెక్కించాం."

"మధ్యలో ఆలస్యం ఏమీ?"

"ఏమీ లేదు మేడం."

ఆవిడ పెన్ను మూసింది. "బొమ్మ చూసి ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. వెంటనే ఇచ్చినా లొంగని ఫిట్స్ కొందరికి ఉంటాయి. కానీ మేం ఇలాంటివి చూస్తున్నది ఎక్కువగా చాలాసేపు సాగిన వాళ్లలోనే," అంది. ఈయన బొమ్మ వైపే చూస్తున్నాడు. ముఖంలో ఏమీ లేదు, కాలు మాత్రం ఊగుతోంది. బేరం తెగనప్పుడు ఊగినట్టు.

వచ్చేటప్పుడు ముక్కులో కొట్టే మందు సీసా ఒకటి ఇచ్చి, ఎలా వాడాలో నాకూ ఆయనకీ చూపించింది. ఐదు నిమిషాలు దాటితే ఎవరైనా కొట్టొచ్చు, డాక్టరే అక్కర్లేదు అంది. "మళ్లీ అంతసేపు సాగితే ఈ నలుపు పెరుగుతుంది. ప్రాణానికే ప్రమాదం. అందరికీ అందేలా పెట్టండి, దాచొద్దు," అని రెండుసార్లు చెప్పింది. ఇంటికి రాగానే ఈయన సీసా బీరువాలో పెట్టాడు, అత్తగారు తాళం వేసి గుత్తి నడుముకి దోపుకుంది. "కాటా పక్కన మేకుకి తగిలిద్దామండీ," అన్నాను. "కొట్టుకొచ్చినోళ్లు అదేటని అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాడు.

ఇదంతా నెమరేసుకుంటూ పప్పు దించి, పెరటి వసారాలోకి వచ్చి కూర్చున్నాను. యర్రమ్మ అప్పటికే వచ్చి అడ్డాకులు కుడుతోంది. పై గూడెం మనిషి. సంతకి ముందురోజూ సంత రోజూ మా వసారాలోనే కూర్చుని విస్తళ్లు కుట్టి మా కొట్టుకే అమ్ముతుంది. నేను ఆస్పత్రుల పాలయ్యాక మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకున్నది లేదు. నా చూపు సామాన్ల గది మీదే ఉండడం చూసి, చేతిలో పని ఆపకుండా అడిగింది.

"అందులో ఉన్న మనిసిని ఒగ్గీసినారా సావుకారమ్మా?"

"ఏ మనిషిని?"

"కిందటేడు సంతకి. నువ్వు పట్నం ఆస్పత్రికెళ్లిపోనావు గదా, ఆ పొద్దు. లోపల ఎవులో తలుపు కొట్టినారు. డబ డబ, ఆగకుండా కొట్టినారు. సావుకారి నడిగితే ఎలక అన్నాడు. టేపు సౌండు పెద్దది సేసినాడు. ఎలక అలగ కొడతదేటి?"

"ఎంతసేపు కొట్టారు యర్రమ్మా?"

"నానొచ్చేసరికి కొడతన్నారు. ఆకు మోపంతా కుట్టీసినాను, కొడతన్నారు. ఎల్లి అంబలి తాగొచ్చినాను, అప్పుడూ కొడతన్నారు. జనం సంత నుంచి కొండెక్కీటప్పుడు నానూ లెగిసినాను. అప్పటికి నెమ్మదైనాది. ఒకటి కొట్టి, సానా సేపాగి, మళ్లీ ఒకటి." సూదిపుల్ల పక్కన పెట్టింది. "మీవోలు దెయ్యాన్ని కట్టెట్టినారనుకున్నాను. అందికే తియ్యలేదు. భయమేసింది."

నేను కాళ్లు ముందుకి చాపాను. చాపాలని అనుకోలేదు, వాటంతటవే చాచుకున్నాయి. రెండు మడమల మీదా మెరుస్తున్న తెల్లటి మచ్చలు. యర్రమ్మ వాటిని చూసింది, తలుపు చూసింది, మళ్లీ నా ముఖం చూసింది. అంటరానట్టు దూరంగా కూర్చోబెట్టే మా ఇంటి వసారాలో, ముందుకి జరిగి నా పాదం తన చేతుల్లోకి తీసుకుంది. ఎంతో సేపు అలాగే పట్టుకుంది. ఇన్నేళ్లూ బయట ఏదో ఉందని, అది లోపలికి రావాలని చూస్తోందని, వణికి చచ్చాను. బయట ఏమీ లేదు. తలుపు కొట్టింది నేనే.

సాయంత్రం వంకాయలు తరుగుతూ అత్తగార్ని అడిగాను. ఎంతసేపని అడగలేదు, ఆ మాటకి తల్లీకొడుకులు ఒకే జవాబు నేర్చుకుని ఉన్నారు. "ఆ సంత రోజు నా చేతిలో తాళాలు పెట్టారా అత్తయ్యా?" అన్నాను.

"ఎట్టకేటి? ఎట్టాను," అంది ఆవిడ. "మళ్లీ తీసుకోడానికి నా తల ప్రాణం తోక్కొచ్చింది. అవతల సంత జోరు మీదుంది, సిల్లర అయిపోయింది, వాడు గల్లాపెట్టె తాళం గల్లాపెట్టె తాళం అని ఒకటే కేకలు. గది తీసి నీ పిడికిలి ఇప్పుదామంటే రాదే. ఏటి బలమే నీది? ఒక్కో ఏలూ ఇప్పాల్సొచ్చింది."

"అప్పుడు నేనెలా ఉన్నాను?"

"ఎలగుంటావు? కొట్టుకుంటన్నావు."

"తర్వాత?"

"తరవాతేటి? గడియెట్టి కొట్లోకెళ్లాను. సంత ఒగ్గీసి నీ కాడ కూకుంటామేటి?" అని, గిన్నెలోకి చూసి, "ముక్కలు సన్నంగా తరుగు, నూనె పీల్సీగలవు," అంది.

ఆవిడ గొంతులో తప్పు చేసిన జంకు లేదు, దాచాలన్న ఆలోచనా లేదు. తను పడ్డ కష్టం చెప్పుకుంది, అంతే. మధ్యలో ఒకసారి ఆ తలుపు తెరుచుకుందన్నమాట. వెలుతురు లోపలికి వచ్చిందన్నమాట. ఒక మనిషి నా మీదకి వంగి, నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, తనకి కావలసింది తీసుకుని, మళ్లీ తలుపు వేసి వెళ్లిందన్నమాట. నా తలలో పీటలు ఒక్కొక్కటీ లోపలికి వెళ్లిపోతున్న వేళ, బయట ఈయన చిల్లర లెక్క చూసుకుంటున్నాడు. ఏడుపు రాలేదు. వంకాయ ముక్కలు సన్నంగానే తరిగాను.

అన్నం వడ్డిస్తూ ఈయన్ని కూడా అడిగాను. "గల్లాపెట్టె తాళం తెప్పించుకున్నప్పుడు నాకెలా ఉందని మీ అమ్మని అడిగారా?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. తర్వాత లోపలికి వెళ్లింది. "ఇప్పుడవన్నీ ఎందుకు ఉమా?" అన్నాడు నమిలి మింగాక. "బతికావు కదా."

మర్నాడు సంత. కొట్టు తలుపు చెక్కలు తియ్యకముందే లేచి, పెరట్లో గునపం తీసుకుని సామాన్ల గది గడియ సందులో పెట్టి తన్నాను. పాత చెక్క, మేకులతో సహా ఊడి వచ్చింది. తలుపు బార్లా తెరిస్తే మూల దాకా వెలుతురు పడింది. కాసేపు ఆ మూలకేసి చూశాను. నా చీర కట్టుకున్న ఆవిడ ఎవరో నాకిప్పటికీ తెలీదు. ఉంటే ఉండనీ, వెళ్లాలంటే ఇప్పుడు దారుంది.

యర్రమ్మ వచ్చింది. అది వస్తే ఏం చెయ్యాలో, తల ఎటు తిప్పాలో, ముక్కులో ఎలా కొట్టాలో, సీసా ఇంకా బీరువాలోనే ఉంది కాబట్టి, ఒట్టి చేత్తో చూపించాను. "సంతలో అందరి ముందూనా?" అంది. "అందరి ముందే. ఈ రోజు నుంచి నేను కాటా దగ్గర కూర్చుంటాను," అన్నాను. ఆవిడ ఆలోచించి, "అరవమంటావా?" అంది. "గట్టిగా అరువు," అన్నాను.

చప్పుడుకి అత్తగారు నిద్ర కళ్లతో వసారాలోకి వచ్చింది. ఊడిన గడియ చూసింది, నా చేతిలో గునపం చూసింది. గునపం గోడకి చేరేసి, మచ్చ ఉన్న అరచెయ్యి ఆవిడ ముందు చాపాను.

"తాళాలు ఇవ్వండి అత్తయ్యా."

ఆవిడ గాభరాగా గుత్తి తడుముకుంది. "ఏటే, అదొచ్చిందేటి?"

"లేదు," అన్నాను. "రాకముందే అడుగుతున్నాను."